టైర్లలో గాలి చూపించే చిన్న స్క్రీన్: పని మీద కారు నడిపేవాళ్ల కోసం నా రివ్యూ

పని మీద రోజూ కారు నడిపేవాళ్లు ఏ ఒక్క గాడ్జెట్ కొనుక్కోవాలని అడిగితే నేను టైర్ ప్రెషర్ మానిటర్ పేరే చెబుతాను. పెద్ద టచ్ స్క్రీన్, మంచి స్పీకర్లు, రంగు లైట్లు అన్నీ దాని తర్వాతే. నేను ల్యాబుల్లో రక్తపరీక్షలు చేసే మెషీన్లకు సర్వీస్ ఇంజినీర్‌ని. డిక్కీలో టూల్ బాక్సులు, స్పేర్ పార్టులు ఎప్పుడూ ఉంటాయి. మెషీన్ ఆగితే రిపోర్టులు ఆగుతాయి, ఆ రిపోర్టుల కోసం మనుషులు ఎదురుచూస్తుంటారు. కాబట్టి రాత్రి ఫోన్ వచ్చినా బయల్దేరాల్సిందే. ఇలాంటి పనిలో ఇంజిన్ కన్నా ముందు మనల్ని దారిలో నిలబెట్టేది టైరే. అది కూడా ఉన్నట్టుండి పేలిపోవడం తక్కువ. రెండు మూడు రోజులుగా మెల్లగా గాలి దిగిపోతూ ఉంటుంది, మనం చూడం.

నేను ఏడాదికి పైగా వాడుతున్నది బయట బిగించే రకం కిట్. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే దాదాపు ఇలాంటి కిట్లే చాలా పేర్లతో దొరుకుతున్నాయి. కొనేవాళ్లకు పేరు కన్నా అది పనిచేసే తీరు తెలియడం ముఖ్యం. డబ్బాలో నాలుగు సెన్సార్లు, ఒక చిన్న స్క్రీన్ ఉంటాయి. వాల్వ్ మూత తీసేసి దాని చోట సెన్సార్ బిగిస్తాం. ఒక్కో సెన్సార్‌లో గాలి ఒత్తిడి కొలిచే చిప్, బటన్ బ్యాటరీ, చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. నా కిట్ 433 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది. డ్యాష్‌బోర్డు మీది స్క్రీన్ దాన్ని అందుకుని నాలుగు చక్రాలకూ నాలుగు అంకెలు చూపిస్తుంది. స్క్రీన్ పైన సోలార్ పలక ఉంది, యూఎస్‌బీతో కూడా చార్జ్ అవుతుంది.

ఇదేదో కొత్త సరదా అనుకోనక్కర్లేదు. 1986లోనే పోర్షే 959 కారులో టైరు ఒత్తిడి గమనించే ఏర్పాటు ఉంది. అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబర్ నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటిలో ఇది తప్పనిసరి. మీ కారులో కంపెనీ ఇచ్చిన సిస్టమ్ ఉంటే అది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని కార్లలో చక్రం లోపల నిజంగానే సెన్సార్ ఉంటుంది. కొన్నిటిలో ఉండదు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతా వాటి కన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది కదా, బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్ల ద్వారా ఆ తేడా పట్టుకుని లైటు వెలిగిస్తారు. ఈ రెండో రకం ఎంత గాలి ఉందో చెప్పలేదు. నాలుగు టైర్లలోనూ గాలి ఒకేలా తగ్గుతూ వస్తే దానికి పట్టుకోవడం కష్టం. పైగా గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ నొక్కాలి. లైటు ఒక్కటే ఉండి అంకెలు కనిపించని కారు అయితే విడిగా కిట్ కొనుక్కోవడంలో అర్థం ఉందనే నా అభిప్రాయం.

అంకె కనిపించడం ఎందుకంత ముఖ్యమో ఒక సంగతి చెబుతాను. ఒక సాయంత్రం హైవే మీద ఒక ల్యాబ్‌కి వెళుతున్నాను. బయల్దేరేటప్పుడు నాలుగు టైర్లూ సరిగానే ఉన్నాయి. కొంత దూరం పోయాక మూడు టైర్ల అంకెలు మూడు నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) పెరిగాయి. అది మామూలే. టైరు తిరుగుతూ వేడెక్కుతుంది, లోపలి గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. వెనక ఎడమ టైరు మాత్రం బయల్దేరినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. అలారం మోగలేదు, మోగాల్సినంత తగ్గలేదు కూడా. కానీ పెరగాల్సినది పెరగలేదంటే గాలి ఎక్కడి నుంచో పోతోందన్నమాట. పెట్రోల్ బంక్ కనిపించగానే ఆగాను. చూపుకి ఆ టైరు మిగతా మూడింటిలాగే ఉంది. చక్రాన్ని కొంచెం ముందుకు తిప్పి చూస్తే గాడిలో ఒక స్క్రూ దిగి ఉంది. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి దిగిన స్క్రూనే రంధ్రాన్ని చాలావరకు మూసేసింది, గాలి సన్నగా పోతోంది. దాన్ని పీకకుండా, గాలి కొట్టించుకుని, అంకె మీద కన్నేసి నెమ్మదిగా వెళ్లి మెషీన్ పని ముగించాను. తర్వాత తీరిగ్గా పంచర్ వేయించాను.

అలారం మాత్రమే ఉన్న సిస్టమ్ అయితే ఆ రోజు నాకు ఏమీ తెలిసేది కాదు. అమెరికా నిబంధన ప్రకారం కంపెనీ చెప్పిన ఒత్తిడి కన్నా 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. 33 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరుకి అంటే సుమారు 25 దగ్గర. డిక్కీలో బరువుతో హైవే వేగంలో పోయేవాడికి 25 అంటే అప్పటికే ఆలస్యం. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి పొరలు బలహీనపడి, చివరికి విడిపోయే ప్రమాదం ఉంది. ఎండాకాలం రోడ్ల మీద టైర్లు పేలడానికి ఎక్కువ గాలే కారణమని చాలామంది నమ్ముతారు. ఆ భయంతో గాలి తగ్గించి పెట్టుకుంటారు. అది చాలా ప్రమాదం. ఎండలోనైనా, వానలోనైనా కంపెనీ చెప్పినంత ఉండాలి.

కంటితో చూసి చెప్పేయొచ్చు కదా అనేవాళ్లు ఉన్నారు. ఇప్పటి రేడియల్ టైర్లకు పక్కగోడ నేల దగ్గర ఎప్పుడూ కొంచెం ఉబ్బే ఉంటుంది. 33 ఉన్నా అంతే, 26 ఉన్నా దాదాపు అంతే. కాలితో తన్ని చూడడం వల్ల ఏమీ తెలియదు.

ఇక సెట్టింగుల గురించి. కిట్‌తో వచ్చే కాగితం చాలా నిరాశపరిచింది. ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో ఉంది తప్ప ఏ అంకె పెట్టుకోవాలో లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగ్‌లో నాలుగు చక్రాలకూ తక్కువ హద్దు, అంటే అంతకన్నా దిగితే అలారం మోగే అంకె, 26. నా కారుకి అది పనికిరాదు. మీ కారు డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీదో, పెట్రోల్ మూత లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, నిండా మనుషులో బరువో ఉంటే ఎంత అని దాని మీద రాసి ఉంటుంది. ఆ అంకెలే మీవి. టైరు గోడ మీద అచ్చు వేసిన అంకె అది తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి మాత్రమే. దాన్ని చూసి గాలి కొట్టించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

నా కారుకి ముందు 33, బరువు ఉన్నప్పుడు వెనక 36. టూల్ బాక్సులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వెనక 36 పెట్టేస్తాను. తక్కువ హద్దును సుమారు పది శాతం కిందికి పెట్టాను, అంటే ముందు 30, వెనక 32. ఎక్కువ హద్దు పెట్టేటప్పుడు వేడికి పెరిగే నాలుగైదు పీఎస్‌ఐకి చోటు వదలాలి, లేకపోతే మధ్యాహ్నం ప్రయాణంలో ఊరికే అరుస్తుంది. నేను ముందు 42, వెనక 45 పెట్టాను. మీ కిట్‌లో ముందు వెనక హద్దులు విడివిడిగా పెట్టుకునే వీలు ఉందో లేదో కొనే ముందే చూడండి. లేకపోతే బరువు మోసేవాళ్లకు అది సగమే పనికొస్తుంది.

స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకి. చల్లగా అంటే కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరు లోపే నడిచి ఉండాలి. బయటి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ మారితే ఒత్తిడి దాదాపు 1 పీఎస్‌ఐ మారుతుంది. అందుకే చలి మొదలైనప్పుడు ఏ పంచరూ లేకుండానే నాలుగు అంకెలూ ఒక్కసారే దిగుతాయి. నాలుగూ కలిసి దిగితే వాతావరణం, ఒక్కటే దిగితే మేకు. స్క్రీన్ కొన్న కొత్తలో ఈ తేడా తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. వేడి టైరులో 38 కనిపించిందని గాలి వదిలేయకండి. చల్లారాక చూస్తే తక్కువైపోతుంది.

అంకెలు ఎంత కచ్చితం? చేతి గేజ్‌తో పోల్చి చూశాను. నాలుగు సెన్సార్లూ గేజ్‌కి 1 పీఎస్‌ఐ అటూ ఇటూగా ఉన్నాయి. రోడ్డు మీద గాలి కొట్టే మెషీన్ల మధ్య అంతకన్నా ఎక్కువ తేడా చూశాను. నాకైతే ఇది చాలు. సెన్సార్ చూపించే అంకె ఒకటి అటూ ఇటూ అయినా రోజూ ఒకేలా చూపిస్తే మార్పు పట్టుకోవచ్చు. ఉష్ణోగ్రత చూపించే అంకెను మాత్రం పట్టించుకోవడం మానేశాను. బయట వాల్వ్ చివర కూర్చున్న సెన్సార్ తన చుట్టూ ఉన్న వేడినే ఎక్కువగా చూపిస్తుంది, టైరు లోపలి వేడి దానికి సరిగ్గా తెలియదు. డబ్బా మీద దాన్ని గొప్పగా రాస్తారు, దాన్ని చూసి కొనకండి.

బిగించడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రకం కిట్‌లో ఉన్న అసలు బలహీనత అక్కడే ఉంది. మామూలు మూత ఉన్నప్పుడు వాల్వ్ లోపలి పిన్ను గాలిని ఆపుతుంది. ఈ సెన్సార్ బిగించగానే ఆ పిన్నును నొక్కి పట్టుకుంటుంది, అప్పుడే లోపలి ఒత్తిడి దానికి తెలుస్తుంది. అంటే ఇక గాలి ఆపే పని సెన్సార్ లోపలి చిన్న రబ్బరు వాషర్‌ది. ఆ వాషర్ సరిగ్గా కూర్చోకపోతే గాలి కాపలా కాయాల్సిన వస్తువే గాలి పోవడానికి కారణమవుతుంది. ఒకసారి గాలి కొట్టేచోట సెన్సార్ తీసి తిరిగి పెట్టాక ముందు కుడి టైరు రోజుకి ఒక పీఎస్‌ఐ చొప్పున తగ్గడం మొదలైంది. సబ్బు నీళ్లు రాస్తే సెన్సార్ అడుగున బుడగలు వచ్చాయి. వాషర్ పక్కకి జరిగి నలిగింది. కిట్‌లో ఇచ్చిన అదనపు వాషర్ వేస్తే సరిపోయింది. అందుకే బిగించిన ప్రతిసారీ సబ్బు నీళ్లు రాసి చూడండి, రెండు నిమిషాల పని.

అప్పటి నుంచి గాలి కొట్టించేటప్పుడు సెన్సార్లు నేనే తీసి పెడుతున్నాను. దొంగలు లాగేయకుండా కింద ఒక నట్టు ఉంటుంది, దాన్ని వదులు చేసే చిన్న స్పానర్ కిట్‌లోనే ఇస్తారు. అది డోర్ పాకెట్‌లో ఉండాలి, డిక్కీలో టూల్ బాక్సుల కింద కాదు. ఏ చక్రానిది ఆ చక్రానికే పెట్టాలి. నాలుగిటి మీదా గుర్తులు ఉన్నాయి కానీ దుమ్ముకి కనిపించవు, నేను మార్కర్‌తో దిద్దుకున్నాను. టైర్లు రొటేషన్ చేయించినప్పుడు, అంటే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించినప్పుడు కూడా సెన్సార్లు చక్రంతో పాటు పోతాయి, తీసి పాత స్థానాలకు మార్చుకోవాలి. మర్చిపోతే ముందు టైరుకి గాలి తగ్గితే స్క్రీన్ వెనక టైరు అని చెబుతుంది.

మీ చక్రాలకు రబ్బరు వాల్వ్ ఉంటే ఇంకో మాట. సెన్సార్ బరువు కొన్ని గ్రాములే, కానీ హైవే వేగంలో చక్రం తిరిగేటప్పుడు అది వాల్వ్‌ని బయటికి లాగుతూ ఉంటుంది. పాతబడిన రబ్బరు వాల్వ్ అడుగున పగుళ్లు వస్తాయి. నేను టైర్లు మార్చినప్పుడే లోహపు వాల్వులు వేయించాను. అలా కుదరకపోతే వాల్వ్‌ని వేలితో కొంచెం వంచి అడుగున పగుళ్లున్నాయేమో అప్పుడప్పుడు చూసుకోండి. ఈ తలనొప్పి ఏదీ వద్దనుకుంటే చక్రం లోపల పెట్టే రకం తీసుకోవచ్చు. దానికి టైరు రిమ్ నుంచి విప్పించాలి, బ్యాటరీ అయిపోతే మళ్లీ విప్పించాలి. కాకపోతే ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది, గాలి కొట్టించేటప్పుడు అడ్డం రాదు. కొత్త టైర్లు వేయించబోతున్న వాళ్లకు లోపలి రకమే మంచిదంటాను. టైర్లు ఇంకా బాగున్నవాళ్లకు బయటి రకం.

బ్యాటరీ విషయంలో ఫిర్యాదు లేదు. సెన్సార్‌లో సీఆర్ 1632 బటన్ సెల్ ఉంది, మూత తిప్పి మనమే మార్చుకోవచ్చు. ఏడాది దాటాక ఒక్కో సెన్సార్‌లో తగ్గుతూ వచ్చింది, స్క్రీన్ మీద గుర్తు ముందే కనిపించింది. నాలుగూ ఒకేసారి మార్చేశాను. బటన్ సెల్స్ చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

స్క్రీన్ మాత్రం ఇంకా బాగుండాల్సింది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే అంకెలు కనిపించవు. సోలార్ కోసం అద్దం కింద పెడితే ఆ ఎండకి అది కాగిపోతుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు రోజంతా అలా కాగడం నాకు నచ్చలేదు. అందుకే స్టీరింగ్ పక్కన కిందికి మార్చి, వారానికోసారి యూఎస్‌బీతో చార్జ్ చేస్తున్నాను. అక్కడ ఉంటే ఊరికే దాని వైపు చూడాలని అనిపించదు కూడా. బయల్దేరే ముందు ఒకసారి, టైర్లు వేడెక్కాక తిన్నటి రోడ్డు మీద ఇంకోసారి చూస్తే చాలు. నడుపుతూ బటన్లు నొక్కి సెట్టింగులు మార్చడం అస్సలు వద్దు.

అలారం శబ్దం గురించి తయారుచేసేవాళ్లకు ఒక విన్నపం. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద ఆ కీచుమనే మోతకి ఎవరైనా ఉలిక్కిపడి బ్రేక్ తొక్కుతారు. సరిగ్గా ఆ సమయంలో తొక్కకూడనిది అదే. శబ్దం తగ్గించుకునే వీలు ఇవ్వండి, మెల్లగా దిగే గాలికీ ఒక్కసారిగా దిగే గాలికీ వేర్వేరు శబ్దాలు పెట్టండి. వాడేవాళ్లకు చెప్పేది: అలారం మోగితే స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి. వేగం దానంతట అదే తగ్గాక ఇండికేటర్ వేసి పక్కకి తీయండి.

బ్లూటూత్‌తో ఫోన్‌లోనే అంకెలు చూపించే కిట్లు కూడా ఉన్నాయి. ఆఫీసు కొలీగ్ కారులో చూశాను. విడి స్క్రీన్ ఉండదు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ మా పనిలో ఫోన్ మీద మ్యాప్ నడుస్తుంటుంది, కస్టమర్ కాల్స్ వస్తుంటాయి. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ని ఎప్పుడు ఆపేస్తుందో తెలియదు. టైరు సంగతి చెప్పే వస్తువుకి వేరే పని ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ స్క్రీన్ చూడలేనివి కూడా ఉన్నాయి. గాడి అరిగిపోయిందా, పక్కగోడ మీద కోత పడిందా, టైరు ముసలిదైపోయిందా అన్నది అది చెప్పదు. టైరు మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దగ్గర చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు వాటి దాకా అరిగితే ఇక మార్చేయాలి. ఇవి మన కళ్లతోనే చూసుకోవాలి.

వారానికి ఒకటి రెండుసార్లు దగ్గర్లోకే కారు తీసేవాళ్లకు ఈ కిట్ అవసరం లేదు. మంచి చేతి గేజ్ ఒకటి కొనుక్కుని నెలకోసారి పొద్దున్నే చూసుకుంటే సరిపోతుంది. డెలివరీ, సేల్స్, సర్వీస్, ట్యాక్సీ ఏదైనా సరే, కారే ఆఫీసుగా బతికేవాళ్లు మాత్రం తీసుకోండి.

కొనేటప్పుడు ఐదో సెన్సార్ విడిగా దొరుకుతుందా అని అడగండి. నాలుగు సెన్సార్ల కిట్ స్టెప్నీని చూడదు. కావలసిన రోజున అదే ఖాళీగా ఉంటే పని ఆగిపోతుంది. ఐదోది లేకపోతే మిగతా వాటికి గాలి కొట్టించిన రోజే స్టెప్నీని కూడా గేజ్‌తో చూడండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి మామూలు టైరు కన్నా చాలా ఎక్కువ గాలి, తరచుగా 60 పీఎస్‌ఐ, కావాలి. ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. స్టెప్నీ బిగించాక విప్పిన చక్రం నుంచి సెన్సార్ తీసి దానికి పెట్టుకోండి, హద్దు దాటిందని స్క్రీన్ అరిస్తే ఆ ఒక్కరోజుకి పై హద్దు పెంచుకోండి.